మోకాలి కింద ఆరంగుళాలు

కట్టు విప్పే ముందు ముక్కుతో గాలి పీల్చడం మానేసి నోటితో పీల్చడం కట్ల సిస్టరుకి పద్దెనిమిదేళ్ళ అలవాటు. ఆ సోమవారం ఉదయం కటింగ్ మాస్టరు మంచం దగ్గర ఆ అలవాటు కూడా అక్కరకు రాలేదు. చివరి పొర గాజుగుడ్డ పుండుకి అంటుకుపోయి ఉంటే సెలైను పోసి నానబెట్టి, కొస పట్టుకుని మెల్లగా లాగింది. గుడ్డతో పాటు మడమ మీది నల్లటి తోలు ముక్క కూడా ఊడి వచ్చింది. దాని కింద ఎముక కనిపించింది. వాసన మాస్కు దాటి గొంతులోకి దిగింది.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు కటింగ్ మాస్టరు పైకప్పు కేసి చూస్తూ.

"పర్వాలేదండీ. నిన్నటి మీద మెరుగే."

నోరు దాని పని అది చేసుకుపోయింది. కాళ్ళ రక్తనాళాలు మూసుకుపోయినవాళ్ళని పడుకోబెట్టే ఆ వార్డులో రోజుకి ఇరవై కట్లు విప్పి కట్టే మనిషి ఆమె. ఒక్కో కట్టుకి ఒక్కో నిజం చెబుతూ కూర్చుంటే మధ్యాహ్నం దాకా ఆరో మంచం కూడా దాటదు. అందుకని అందరికీ ఒకే మాట. చాలామంది విషయంలో అది అబద్ధం కూడా కాదు.

నాళంలో రక్తం పారే చప్పుడు వినిపించే పెన్నులాంటి యంత్రం తీసి, పాదం మీద జెల్లీ రాసి, నాడి కోసం వెతికింది. ఆరు నెలల కింద, పెద్ద డాక్టరు గజ్జల్లోంచి సన్నటి గొట్టం దూర్చి, లోపల బెలూను ఉబ్బించి, మూసుకుపోయిన నాళాన్ని తెరిచిన మర్నాడు ఇదే చోట పెన్ను పెడితే రక్తం దూసుకుపోయే చప్పుడు గది అంతా వినిపించింది. అరవై దాటిన కటింగ్ మాస్టరు ఆ రోజు చప్పట్లు కొట్టాడు. ఇప్పుడు అటు జరిపినా ఇటు జరిపినా ఉత్త బుసబుసే. పుస్తకంలో ఆమె 'బలహీనం' అని రాసింది. లేని దాన్ని బలహీనం అనడం కూడా ఆ వార్డు అలవాటే.

పిక్క మీద పాకుతున్న ఎరుపు ఎక్కడి దాకా వచ్చిందో చూసి, దాని అంచు వెంట సిరా పెన్నుతో గీత గీసి, పక్కన తేదీ వేసింది. నిన్నటి గీత దానికి అరంగుళం కింద ఉంది. ఎరుపు పైకి ఎక్కుతోంది. సూది మందులు రెండు రకాలు పోతున్నాయి, దానికేం పట్టినట్టు లేదు.

కటింగ్ మాస్టరు చొక్కా జేబులోంచి టేపు తీశాడు. నలభై ఏళ్ళు మెడలో వేసుకు తిరిగిన టేపు, అంకెలు సగం చెరిగిపోయాయి. వంగి, మోకాలి చిప్ప కింద ఒక కొస ఆనించి, ఎరుపు గీత దాకా లాగాడు.

"తొమ్మిది" అన్నాడు. "మొన్న శనివారం పది."

"మీరెందుకండీ కొలవడం? మేమున్నాం కదా."

"మీరు గీస్తున్నారు. నేను కొలుస్తున్నాను. కోతకి రెండూ కావాలమ్మా" అని నవ్వాడు. మంచం పక్క స్టూలు మీద కూర్చున్న భార్య నవ్వలేదు. ఆవిడ చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ భర్త చూస్తాడేమోనని తీసేసింది.

పది గంటలకి పెద్ద డాక్టరు రౌండుకి వచ్చాడు. మాట మెత్తన, చొక్కా తెల్లన, చేతులు ఎప్పుడూ వెనక. ఆయన పుండు చూడలేదు. మంచం తల దగ్గర పెట్టిన ఫిల్ము తీసి కిటికీ వెలుగుకి ఎత్తి చూపించాడు. ఆరు నెలల కిందటి ఫిల్ము అది. బెలూనుకి ముందు తెగిన దారంలా ఉన్న నాళం, తరవాత తొడ నుంచి పాదం దాకా తెల్లగా పారిన రక్తం.

"చూశారా, ఎంత బ్రహ్మాండంగా పారుతోందో!" అన్నాడు. పారింది అనలేదు. పారుతోంది అన్నాడు.

"సార్" అన్నాడు కటింగ్ మాస్టరు. "ఈ పాదం నాకు రాదని నాకు తెలుస్తోంది. తీసేయండి. నేను నిలబడి గుడ్డ కోసేవాణ్ణి. మోకాలు మిగిలితే పెట్టుడు కాలేసుకుని మళ్ళీ బల్ల దగ్గర నిలబడతాను. మోకాలు పోతే నా పనైపోయినట్టే. మూడు వారాల కిందట కూడా ఇదే చెప్పాను మీకు."

"ఛ, ఛ! అవేం మాటలు? ఇంత కష్టపడి కాపాడుకున్న కాలు. ధైర్యంగా ఉండాలి. మందు పనిచెయ్యడానికి టైము పడుతుంది" అంటూ ఆయన కాలు తట్టాడు. బాగున్న కాలు తట్టాడు. ఆయన ఎప్పుడూ బాగున్న కాలే తడతాడని కట్ల సిస్టరు అంతకుముందు గమనించలేదు.

వరండాలోకి రాగానే ఆయన ఆగి, "ఈయనకి ఆరు నెలలు ఎప్పటికి నిండుతాయి?" అన్నాడు.

"వచ్చే గురువారానికండీ."

"పది రోజులు. ఎలాగో లాగుదాం. శుక్రవారం పొద్దున్నే ఎముకల వాళ్ళకి చూపిద్దాం, వాళ్ళేం చేసుకుంటారో చేసుకుంటారు. ఈలోగా నువ్వు మాత్రం కట్టు శుభ్రంగా కట్టు, వాసన రాకుండా."

అని తరవాతి గదిలోకి వెళ్ళిపోయాడు. ఆమె ట్రాలీ పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఆయన ఆ మాటని గొంతు తగ్గించి కూడా చెప్పలేదు. దాచాల్సిన సంగతని ఆయనకే అనిపించలేదు. వాసన రాకుండా కట్టమన్నాడు, అంతే.

ఆరు నెలల పుస్తకం ఆమె దగ్గరే ఉంటుంది. నలభై మంది, మనిషికో పేజీ. పై నెల పెద్ద సదస్సులో ఆ నలభై కాళ్ళ ఫలితాలు పెద్ద డాక్టరు చదవబోతున్నాడు. ప్రతి పేజీ అడుగున ఒకే ప్రశ్న: ఆరు నెలల నాటికి కాలు ఉందా, లేదా? వేళ్ళు పోయినా ఉన్నట్టే, సగం పాదం పోయినా ఉన్నట్టే. చీలమండకి పైన కోస్తేనే లేనట్టు. ఇన్నాళ్ళూ 'ఉంది' దగ్గర టిక్కు పెట్టినప్పుడల్లా ఆమె సంబరపడింది. అందులో తన చేతి కట్టు కూడా ఉందని ఇంట్లో గొప్పగా చెప్పుకుంది.

మంగళవారం టేపు మీద ఎనిమిదిన్నర. కట్టు మీద ఇంకో రెండు పొరలు దూది వేసి, పైన బొగ్గుపొడి మెత్త పెట్టింది. వాసన తగ్గింది. తగ్గినందుకు కటింగ్ మాస్టరు భార్య "మీ చేతిలో ఏముందో గానీ సిస్టరమ్మా, ఇవాళ పుండు బాగున్నట్టుంది" అని చెయ్యి పట్టుకుంది. పుండు బాగుపడటానికి ఉండే మెత్త కాదు అది, పక్కవాళ్ళు అన్నం తినడానికి.

"ఇంకొన్నాళ్ళు ఓర్చుకోండి" అంది.

మధ్యాహ్నం పని సర్దుకున్నాక పుస్తకం తీసి మొదటి నుంచి తిరగేసింది. పదమూడో పేజీ దగ్గర చెయ్యి ఆగింది. నోట్లో పళ్ళు లేకపోయినా ఎప్పుడూ నవ్వుతూ ఉండే ముసలావిడ, మూడో నెలలో పోయింది. పుండు విషం ఒళ్ళంతా పాకి పోయింది. కట్లన్నీ ఈమే కట్టింది, ఆఖరి కట్టుతో సహా. ఆ పేజీ అడుగున పెద్ద డాక్టరు చేతిరాత: చివరిసారి చూసినప్పుడు కాలు ఉంది. పక్కన టిక్కు.

ఇరవై ఏడో పేజీలోనూ అంతే. ముప్ఫై ఒకటిలోనూ అంతే.

మనుషులు పోయారు, కాళ్ళు నిలిచాయి. కాళ్ళు నిలిచాయని పెద్ద సభలో చప్పట్లు కొడతారు. ఆమెకి ఒళ్ళు మండింది. ఆ మంట పెద్ద డాక్టరు మీదే అయితే బాగుండేది. ఆ పేజీల్లో పైన, రోజు రోజుకీ, 'శుభ్రంగా ఉంది', 'మెరుగు', 'బలహీనం' అని గుండ్రటి అక్షరాలతో రాసినవన్నీ తన చేతిరాతే. వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. వాసన పోలేదు. అది చేతులకి ఉన్న వాసన కాదని తెలిసి కూడా మూడోసారి కడుక్కుంది.

అయినా ఆ రోజు ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. రెండేళ్ళ కిందట పెద్ద డాక్టరు మాటకి ఎదురు చెప్పిన నర్సుని బట్టలు ఉడికించే గదికి మార్చారు. అది గుర్తొచ్చింది. రేపటికి ఎరుపు తగ్గుతుందేమోనని కూడా అనుకుంది. తగ్గదని తెలిసే అనుకుంది.

బుధవారం టేపు మీద ఏడున్నర. కటింగ్ మాస్టరుకి వణుకుతో జ్వరం. టేపు పట్టుకున్న చెయ్యి అదురుతుంటే భార్య ఒక కొస పట్టుకోవాల్సి వచ్చింది. పెద్ద డాక్టరు మందు మార్చి, "రేపటికి చూడండి" అని, బాగున్న కాలు తట్టి వెళ్ళాడు.

కట్లన్నీ అయ్యాక సిస్టరు మెట్లు దిగి ఎముకల విభాగానికి వెళ్ళింది. ఎముకల డాక్టరమ్మ మోచేతుల దాకా సున్నంతో ఎవరి చేతికో పిండి కట్టు వేస్తోంది. యాభై ఏళ్ళ మనిషి, మాట కటువు. సిస్టరు గుమ్మంలోనే నిలబడి సంగతంతా చెప్పింది. ఆవిడ వింటూ కట్టు తడిగుడ్డతో సాపు చేస్తూనే ఉంది.

"మోకాలి వెనక చప్పుడు ఉందా?"

"ఉందండీ. గట్టిగా ఉంది. పాదంలోనే లేదు."

"అంటే పైన తొడలో తెరిచింది నిలిచింది, కింద మళ్ళీ మూసుకుపోయింది. మోకాలి కింద కోస్తే మానుతుంది. కానీ మోకాలి కింద ఆరంగుళాలు మంచి చర్మం ఉండాలి నాకు. ఐదున్నరతో కూడా లాగుతాను. అంతకన్నా తగ్గితే తొడలో కొయ్యాల్సిందే. ఇప్పుడెంత?"

"ఏడున్నర."

"మరి పై గురువారం దాకా ఏం చేద్దామని? పూజ చేద్దామనా?"

"మీరొచ్చి ఒక్కసారి చూడండి మేడమ్."

"వాళ్ళు కాయితం పంపకుండా వాళ్ళ పేషెంటుని నేను ముట్టుకోకూడదు, నీకు తెలీదా? ఆయన పంపడు." ఆవిడ చేతులు దులుపుకుని మొదటిసారి ఈమె కేసి చూసింది. "మనిషి తనంతట తను నా ఓపీకి నడిచొస్తే, అప్పుడు నా పేషెంటు. చీటీలు పన్నెండింటి దాకా ఇస్తారు. ఇది నేను చెప్పాల్సిన మాట కాదు. అసలు సోమవారమే నువ్వు అతనికి చెప్పాల్సిన మాట."

గురువారం ఉదయం ఆమె కట్టు విప్పింది. కటింగ్ మాస్టరు కొలిచాడు. ఆరూ ముప్పావు.

ఆమె తెర లాగి, స్టూలు మంచానికి దగ్గరగా జరుపుకుని కూర్చుంది. అన్నీ చెప్పింది. పుస్తకం, పది రోజులు, శుక్రవారం పొద్దున, ఆరంగుళాలు, తనంతట తను ఓపీకొస్తే చూస్తానన్న ఎముకల డాక్టరమ్మ మాట. చెబుతున్నంతసేపూ తన చేతులే చూసుకుంది. కటింగ్ మాస్టరు టేపు వేలికి చుట్టుకుంటూ విన్నాడు.

భార్యే ముందు నోరు విప్పింది. "పెద్ద డాక్టరు గారు దేవుడులాంటి మనిషి. కాలు కాపాడారని వీధి వీధంతా చెప్పుకున్నాను. ఆయన మాట కాదని వెళ్ళిపోతే రేపు మనల్ని ఎవరు చూస్తారు?"

"ఆరూ ముప్పావు" అన్నాడు కటింగ్ మాస్టరు.

"అది కాదండీ..."

"ఆరూ ముప్పావే. వెళ్ళిపోతామని రాసే కాయితం తెండమ్మా."

డాక్టర్ల సలహాకి విరుద్ధంగా, తన ఇష్టపూర్వకంగా, ఎదురయ్యే అన్ని ఫలితాలకీ తనే బాధ్యుడినని ఒప్పుకుంటూ వెళ్ళిపోతున్నట్టు ఆయన మూడు చోట్ల సంతకం పెట్టాడు. కుళ్ళిన కాలు తీయించుకోవడానికి మనిషి ఇచ్చుకోవాల్సిన హామీ అది. చక్రాల కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టి సిస్టరే తోసింది. వరండా దాటారు, లిఫ్టు దిగారు. గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఈ బండి వార్డుదమ్మా. గేటు దాటకూడదు."

"అదిగో ఆ గుమ్మం దాకే కదయ్యా. కనపడుతూనే ఉంది."

"కనపడితే? బండి బయటికి పోయిందంటే నన్నడుగుతారు. ఆ గుమ్మంలో ఓపీ బండ్లుంటాయి, తెచ్చుకోండి."

ఒకే ఆసుపత్రి, ఒకే గోడ. ఇటు పక్క గుమ్మంలోంచి బయటికి వచ్చి అటు పక్క గుమ్మంలోంచి లోపలికి వెళ్ళాలి. మధ్య గచ్చు మీద ఓపీ బండి దాకా కటింగ్ మాస్టరు ఆరడుగులు వేశాడు, ఒక చెయ్యి భార్య భుజం మీద, ఒకటి సిస్టరు భుజం మీద. కుళ్ళిన మడమ రెండుసార్లు నేలకి తగిలింది. తగిలినప్పుడల్లా ఆయన పళ్ళ మధ్యనుంచి గాలి వినిపించింది. వాచ్‌మన్ ముఖం చిట్లించి ముక్కు మూసుకున్నాడు. గచ్చు మీద రెండు తడి మచ్చలు పడ్డాయి. వాటిని తుడవమని ఎవర్నో కేకేశాడు.

పదకొండుంబావుకి చీటీ దొరికింది. ఎముకల డాక్టరమ్మ కట్టు విప్పించి, తనే వంగి చూసి, కటింగ్ మాస్టరు చేతిలో టేపు తీసుకుని కొలిచింది. "సాయంత్రం నాలుగింటికి థియేటరు ఖాళీ. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు కదా? నీళ్ళు కూడా తాగకండి" అంది.

ఆరున్నరకి ఆవిడ టోపీ తీస్తూ బయటికి వచ్చింది. మోకాలు దక్కింది. ఐదూ ముప్పావు దగ్గర కోసింది. "ఇంకొక్క రోజు ఆగుంటే తొడే" అంది. "ఒక సంగతి చెప్పనా? ఆయన పైన తెరిచిన నాళం వల్లే ఇవాళ ఆ మోకాలు మిగిలింది. ఆ బెలూను లేకపోతే ఇది కూడా లేదు. ఉన్నదున్నట్టు రాసుకున్నా ఆయనకి పేరొచ్చేది" అని వెళ్ళిపోయింది.

శుక్రవారం పెద్ద డాక్టరు సిస్టరుని గదికి పిలిచాడు. తిట్లకి సిద్ధపడి వెళ్ళింది. ఆయన తిట్టలేదు. కుర్చీ చూపించాడు. ఆరు నెలల పుస్తకం బల్ల మీద తెరిచి ఉంది, కటింగ్ మాస్టరు పేజీ.

"వెళ్ళిపోయాట్ట కదా మన మాస్టరు. పాపం, ఓపిక లేకపోయింది. సరే, ఆయన ఇష్టం. ఇది పూర్తి చేసెయ్యి. చివరిసారి మనం చూసినప్పుడు కాలు ఉంది కదా. ఉంది అని పెట్టు."

"నిన్న సాయంత్రం ఎముకల వాళ్ళు కాలు తీసేశారు సార్."

"మన దగ్గర కాదు కదా. మన దగ్గరనుంచి కాలుతో వెళ్ళాడు."

ఆయన నవ్వుముఖంతోనే పెన్ను మూత తీసి ఆమె ముందు పెట్టాడు. ఆయన ముఖంలో అబద్ధమాడే మనిషి జంకు ఏ మూలైనా కనిపిస్తుందేమోనని ఆమె చూసింది. లేదు. ఆయన నిజంగానే నమ్ముతున్నాడు. కుళ్ళు కంపు కన్నా ఆ ప్రశాంతతకే ఆమెకి ఎక్కువ డోకు వచ్చింది.

"నేను రాయను సార్" అంది.

ఆయన పుస్తకం తనవైపు తిప్పుకుని, చక్కగా, వంకర పోకుండా టిక్కు పెట్టాడు. "సోమవారం నుంచి నువ్వు బట్టలు ఉడికించే గది చూసుకో. అక్కడ మనిషి తక్కువైందట" అన్నాడు, సెలవు మంజూరు చేస్తున్నంత మెత్తగా.

ఆమె బయటికి వచ్చి మెట్ల దగ్గర నిలబడింది. ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. ఎన్నేళ్ళ తరవాతో గుండె నిండా గాలి పీల్చినట్టనిపించింది. ఒక మోకాలు దక్కించాను, ఒక అబద్ధం రాయనన్నాను అనుకుంది. ఆ రాత్రి కడుపునిండా తిని పడుకుంది.

శనివారం కటింగ్ మాస్టరుకి మొదటి కట్టు మార్చాలి. తన చెయ్యి మెత్తన అని అందరికీ తెలుసు కనక, తనే వస్తానని ఎముకల వార్డు నర్సుకి ముందే చెప్పి ఉంచింది. తళతళలాడే ట్రే, మరిగించిన కత్తెర, కొత్త గాజుగుడ్డ అన్నీ తనే సర్దుకుని వెళ్ళింది. కటింగ్ మాస్టరు దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. జ్వరం లేదు. ముఖంలోకి రంగు వచ్చింది. దుప్పటి కింద ఎడమ వైపు మోకాలు గుండ్రంగా లేచి ఉంది, ఆ తరవాత దుప్పటి పరుపుకి అతుక్కుపోయింది. భార్య లేచి స్టూలు ఇచ్చింది.

"సిస్టరమ్మా, కూర్చోండి" అన్నాడు ఆయన. "మీకొచ్చిన కష్టం విన్నాను. నా వల్ల వచ్చింది. మీరు చెప్పకపోతే ఈ మోకాలు లేదు. అది నేను చచ్చేదాకా మర్చిపోను."

"అయ్యో, అదేం లేదండీ" అంటూ ఆమె ట్రే మంచం మీద పెట్టి చేతికి గ్లౌజు తొడుక్కోబోయింది.

"ఆగండమ్మా. కట్టు మీరు విప్పొద్దు."

గ్లౌజు సగంలో ఆగింది.

"కోపంతో అనడం లేదు. నిదానంగా ఆలోచించే అంటున్నాను. మూడు వారాలు రోజూ మీరు కట్టు విప్పారు. నాకు కంపు కొట్టేది. మీరు మెరుగే అనేవారు. మీ అంత మనిషి అబద్ధం చెప్పదు, నా ముక్కే చెడిపోయిందనుకున్నాను. నొప్పి కూడా నా భ్రమే అనుకున్నాను. రాత్రిళ్ళు దీన్ని లేపి, ఊరికే అరుస్తున్నాను, క్షమించమనేవాణ్ణి." భార్యని చూపించాడు. "పెద్ద డాక్టరు గారి మాట నేనెప్పుడూ పూర్తిగా నమ్మలేదమ్మా. ఆయన పుండు చూడలేదు కదా. మీరు చూశారు. నేను నమ్మింది మిమ్మల్నే."

ఆమె ట్రేలో కత్తెర తిన్నగా సర్దింది.

"నా దగ్గర గుడ్డ తప్పు తెగితే, పాడైందండీ అని కస్టమరు ముఖం మీదే చెబుతాను. తిడతారు. కానీ మళ్ళీ నా దగ్గరికే వస్తారు. రేపు ఈ కుట్లు మానుతున్నాయని మీరంటే నేను నమ్మలేను. నమ్మాలని ఉన్నా నమ్మలేను. వేరే ఎవర్నైనా పంపండి. ఏమనుకోకండి."

"అలాగేనండీ" అంది ఆమె.

గ్లౌజు తీసి ట్రేలో పెట్టింది. వార్డు చివర ఉన్న నర్సుని పిలిచి, కట్టు ఏ వైపు నుంచి విప్పాలో, ఎక్కడ అంటుకుని ఉంటుందో చెప్పి, ట్రే చేతికిచ్చింది. ఆ నర్సు వచ్చి ఏడాది కూడా కాలేదు, మోటుచెయ్యి. తెర మూసుకుంది. సిస్టరు వెళ్ళిపోకుండా తెర ఇవతల నిలబడింది. కత్తెర చప్పుడు వినిపించింది. ఒకసారి కటింగ్ మాస్టరు అబ్బా అన్నాడు.

"నొప్పి పెట్టానా? గుడ్డ అంటుకుందండీ."

"పర్వాలేదు. లాగెయ్యండి. ఎలా ఉంది?"

నర్సు వంగి చూస్తున్నట్టుంది.

"చాలావరకు బాగుంది. లోపలి వైపు చివరి రెండు కుట్ల దగ్గర ఎర్రగా ఉంది. కొంచెం నీరు కూడా కారుతోంది. నాకు నచ్చలేదు. మేడమ్‌కి చూపించాలి."

"ఎంత మేర ఉంటుంది?"

"గోరంత."

"సరే తల్లీ. చూపించండి" అన్నాడు కటింగ్ మాస్టరు. ఆ గొంతులో భయం లేదు, హాయిగా ఉంది. వారాల తరబడి కట్టు విప్పిన ఏ రోజూ సిస్టరు ఆయన నోట ఆ గొంతు వినలేదు. లోపల భార్యాభర్తలు మంచినీళ్ళ సంగతేదో మాట్లాడుకుంటుంటే ఆమె అడుగు చప్పుడు కాకుండా మెట్ల వైపు నడిచింది.